డాక్టర్ల సంఘం ఫౌండేషన్‌కి డొనేషన్ ఇవ్వాలనుకుంటే ఇలా ఇవ్వండి

డాక్టర్ల సంఘాలు ఉంటాయి కదా, మెడికల్ సొసైటీలు అంటాం, వాటిలో చాలావాటికి పక్కనే ఒక ఛారిటబుల్ ఫౌండేషన్ కూడా ఉంటుంది. మెడిసిన్ చదివే పిల్లలకి స్కాలర్‌షిప్‌లు, ఫ్రీ క్లినిక్‌లకి గ్రాంట్లు, పెద్ద గ్రాంటు ఇంకా రాని కుర్ర డాక్టర్ల రీసెర్చ్‌కి మొదటి డబ్బు, జబ్బుపడ్డ లేదా చనిపోయిన డాక్టర్ల కుటుంబాలకి సాయం, ఇవన్నీ దాంట్లోంచే వెళ్తాయి. నేను అలాంటి ఒక ఫౌండేషన్‌లో కొన్నాళ్లు వాలంటీర్‌గా పనిచేశా, వచ్చిన పోస్టు విప్పడం, రసీదులు తయారుచేయడం నా పని. అక్కడ నాకు అర్థమైంది ఒక్కటే, ఇచ్చేవాళ్ల మనసులో ఏముందో ఆఫీసులో ఎవరికీ కనపడదు, కాగితం మీద ఏముందో అదే కనపడుతుంది.

ఒకరోజు వచ్చిన కవర్ నాకింకా కళ్లముందే ఉంది. లోపల ఒక బ్యాంకు డ్రాఫ్టు, దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న కాగితం, దానిమీద వణుకుతున్న చేతిరాతతో "మా ఆవిణ్ణి చివరిదాకా చూసుకున్నవాళ్లకి" అని ఒకే ఒక్క లైను. పేరు లేదు, వెనకాల అడ్రస్ లేదు, డ్రాఫ్టేమో సొసైటీ పేరు మీద ఉంది, ఫౌండేషన్ పేరు మీద కాదు. ఏ ఆస్పత్రో తెలీదు, ఏ వార్డో తెలీదు, బ్యాంకుకి ఫోన్ చేస్తే కస్టమర్ వివరాలు చెప్పం అన్నారు, అది వాళ్ల రూలు, తప్పుపట్టలేం. ఆ పెద్దాయనకి థాంక్స్ కూడా చెప్పలేకపోయాం. అందుకే ఈ పోస్టంతా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది, డబ్బు ఎవరి పేరు మీద వెళ్తోంది, ఏ పనికి వెళ్తోంది. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు, ఏ జేబులో వేస్తున్నారో చూసుకోండి

సొసైటీ వేరు, ఫౌండేషన్ వేరు. పేర్లు ఒకేలా ఉంటాయి, లోగో ఒకటే ఉంటుంది, ఆఫీసు కూడా చాలాసార్లు ఒకే బిల్డింగ్‌లో ఉంటుంది, కానీ చట్టం దృష్టిలో రెండూ వేర్వేరు సంస్థలు. ఉదాహరణకి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లో పుట్టింది, అది డాక్టర్ల వృత్తి సంఘం, అక్కడి పన్ను చట్టంలో 501(సీ)(6) కిందికి వస్తుంది, దానికి కట్టే మెంబర్‌షిప్ ఫీజు విరాళం కిందికి రాదు. ఏఎంఏ ఫౌండేషన్ అనేది 1950లో మొదలైన వేరే సంస్థ, అది 501(సీ)(3), దానికిచ్చింది విరాళం. ఇది కాక చాలా సంఘాలకి మూడో జేబు ఒకటుంటుంది, రాజకీయ నిధి, ఏఎంఏకి సంబంధించి ఆంప్యాక్ అని 1961 నుంచి ఉంది, అది ఎన్నికల్లో అభ్యర్థులకి వెళ్లే డబ్బు, దానికి పన్ను మినహాయింపు ఏమీ ఉండదు. మెంబర్‌షిప్ రెన్యూవల్ ఫారంలో ఈ మూడూ ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చేస్తాయి, కొన్నిసార్లు టిక్ కూడా ముందే పెట్టేసి ఉంటుంది. మీరు డాక్టరైతే ఆ పేజీ మీద ఒక్క నిమిషం ఆగండి, ఏ లైనుకి ఎంత వెళ్తోందో చూసి తర్వాతే కార్డు నంబర్ కొట్టండి. డాక్టర్ కానివాళ్లు అసలు మెంబర్‌షిప్ పేజీ వైపు వెళ్లక్కర్లేదు, ఫౌండేషన్‌కి ఎవరైనా ఇవ్వచ్చు.

కొన్ని దేశాల్లో ఇలాంటి నిధులు చాలా పాతవి. బ్రిటన్‌లో రాయల్ మెడికల్ బెనవొలెంట్ ఫండ్ 1836 నుంచి ఉంది, కష్టాల్లో ఉన్న డాక్టర్లకి, వాళ్ల కుటుంబాలకి సాయం చేయడానికే పెట్టింది. డాక్టర్లకెందుకు సాయం, వాళ్లకేం తక్కువ అని చాలామంది అంటారు. స్ట్రోక్ వచ్చి చెయ్యి పడిపోయిన సర్జన్ ఇంట్లో, చదువు అప్పు ఇంకా తీరని కుర్ర డాక్టరు హఠాత్తుగా పోయిన ఇంట్లో పరిస్థితి ఏంటో ఒక్కసారి ఊహించుకోండి, అప్పుడు ఆ ప్రశ్న రాదు.

తర్వాత, రిజిస్ట్రేషన్ మీరే చెక్ చేయండి

వాళ్ల వెబ్‌సైట్లో రాసుకున్నది నమ్మి ఊరుకోవద్దు, ప్రభుత్వ రిజిస్టర్లో వెతకండి, ఐదు నిమిషాల పని. అమెరికాలో అయితే పన్ను శాఖ ఐఆర్ఎస్ సైట్లో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్ అని ఉంటుంది, దాంట్లో పేరుతో కానీ సంస్థని గుర్తించే తొమ్మిది అంకెల ఈఐఎన్ నంబర్‌తో కానీ వెతకచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌కి ఛారిటీ కమిషన్ రిజిస్టర్ ఉంది, స్కాట్లండ్‌కి వేరేగా ఉంది, కెనడాలో రెవెన్యూ ఏజెన్సీ లిస్టు, ఆస్ట్రేలియాలో ఛారిటీల్ని చూసే ఏసీఎన్‌సీ రిజిస్టర్. ఇండియాలో అయితే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 80జీ రిజిస్ట్రేషన్, అంటే ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు వచ్చేది, ఉందా, దాని గడువు ఇంకా ఉందా అని చూడాలి.

పేరు అక్షరం అక్షరం సరిచూడండి. పెద్ద విపత్తు ఏదైనా వచ్చినప్పుడు, పేరున్న డాక్టరు ఎవరైనా పోయినప్పుడు, అసలు పేరులో ఒక్క పదం అటూ ఇటూ మార్చి మెయిళ్లు, ఫోన్లు చేసేవాళ్లు బయల్దేరతారు. ఫోన్లో ఎవరైనా అర్జెంటు అంటే పెట్టేయండి, మీరే బ్రౌజర్లో అడ్రస్ టైప్ చేసి వెళ్లండి. గిఫ్ట్ కార్డు కొని నంబర్ చెప్పమన్నా, ఎవరో వ్యక్తి సొంత అకౌంట్లో వేయమన్నా అది మోసమే, ఇంక ఆలోచించక్కర్లేదు.

ఇంకోమాట, మీరు పేషెంట్ అయ్యుండి మీకు ట్రీట్‌మెంట్ చేస్తున్న డాక్టరే చూస్తున్న టైంలో డొనేషన్ అడిగితే, వద్దనడానికి మొహమాటపడకండి. ఏఎంఏ నీతి నియమావళే డాక్టర్లు తమ సొంత పేషెంట్లని నేరుగా విరాళం అడగకూడదని, ముఖ్యంగా వైద్యం చేస్తున్నప్పుడు అసలు అడగకూడదని చెప్తుంది. ఇవ్వాలనిపిస్తే మీకు మీరుగా, ఇంటికొచ్చాక, తీరిగ్గా ఇవ్వండి.

దేశం మారితే రూలు మారుతుంది

ఒక దేశంలో పన్ను కడుతూ ఇంకో దేశం ఫౌండేషన్‌కి ఇస్తే పన్ను మినహాయింపు మామూలుగా రాదు, ఇది మనవాళ్లలో చాలామందికి చివర్లో తెలుస్తుంది. అమెరికాలో ఉంటూ ఇండియాలో ఉన్న సంస్థకి నేరుగా పంపితే అక్కడి రిటర్న్‌లో చూపించుకోలేరు. అలాగే మీరు విదేశీ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లైతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇండియాలో సంస్థకి మీరిచ్చేది విదేశీ విరాళం కిందే లెక్క, ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి, ఉండాలి, డబ్బు వాళ్ల ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఎఫ్‌సీఆర్ఏ అకౌంట్‌లోనే పడాలి. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, కాకపోతే వాళ్లు పాస్‌పోర్టు కాపీ అడుగుతారు, ఇచ్చేయండి. ఇది తెలీక వేరే అకౌంట్లో వేస్తే ఇబ్బంది మీకు కాదు ఆ సంస్థకి, లైసెన్సు మీదకి వస్తుంది.

లెక్కల పుస్తకం చూడండి, భయపడకండి

అమెరికా ఫౌండేషన్లు ఏటా పన్ను శాఖకి ఫారం 990 అనే లెక్కల పత్రం దాఖలు చేస్తాయి, అది ఎవరడిగినా చూపించాలి. అది చాలా పేజీలుంటుంది కానీ మీకు కావాల్సింది కొంచెమే. ఖర్చుల పట్టికలో మొత్తం పక్కన మూడు నిలువు వరసలుంటాయి, అసలు పనులకి ఎంత, ఆఫీసు నిర్వహణకి ఎంత, విరాళాలు సేకరించడానికి ఎంత అని. పోయిన మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాది చూస్తే ఏమీ తెలీదు, ఆ ఏడు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారేమో, పెద్ద కార్యక్రమం చేశారేమో. ఆఫీసు ఖర్చు శాతం ఎక్కువుందని వెంటనే తిప్పికొట్టకండి, నా అభిప్రాయంలో ఇది జనం చేసే పెద్ద పొరపాటు. ఒకే ఒక్క ఉద్యోగి ఉన్న చిన్న ఫౌండేషన్‌కి ఆడిట్ ఫీజే పెద్ద శాతంలా కనపడుతుంది. దానికంటే వాళ్లిచ్చిన గ్రాంట్ల లిస్టు చూడండి, ఎవరికి ఇచ్చారు, ఎంతిచ్చారు, ఏటా అదే నలుగురికా లేక కొత్తవాళ్లకి కూడానా.

డాక్టర్ల ఫౌండేషన్లలో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకోటుంది. మందుల కంపెనీలు, పరికరాల కంపెనీలు కూడా వీటికి డబ్బిస్తాయి. అది తప్పని నేననను, చాలా మంచి పనులు ఆ డబ్బుతోనే జరుగుతున్నాయి. కానీ దాతల లిస్టు బయటపెట్టారా, బోర్డులో ఉన్నవాళ్ల సొంత ప్రయోజనాలకి సంబంధించి పాలసీ ఉందా అనేది చూడాలి, ఫారం 990లో ఆ ప్రశ్న ఉంటుంది, అవునా కాదా అని జవాబు కూడా ఉంటుంది. బయటపెట్టిన ఫౌండేషన్‌ని నేను నమ్ముతా, దాచినదాన్ని నమ్మను.

ఏ పనికో తేల్చుకోండి

ఇక్కడ టైం పెట్టండి, ఈ స్టెప్పే అన్నిటికంటే ముఖ్యం. మామూలుగా మూడు రకాలుంటాయి. ఏ పనికైనా వాడుకోండి అని ఇచ్చే జనరల్ ఫండ్, ఫలానా పనికే అని ఇచ్చేది, ఇంక మూడోది శాశ్వత నిధి. శాశ్వత నిధి అంటే అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా దానిమీద వచ్చేదాంట్లోంచి ఏటా కొంచెం, చాలాచోట్ల నాలుగైదు శాతం, ఖర్చుపెడతారు. లెక్క వేసుకోండి, నాలుగు శాతం చొప్పున ఏటా 1,000 స్కాలర్‌షిప్ రావాలంటే అసలు 25,000 ఉండాలి. అంత లేనప్పుడు అమ్మ పేరుమీద శాశ్వత నిధి పెడదాం అని చిన్న మొత్తంతో మొదలుపెడితే అది ఏళ్ల తరబడి అలా పడుంటుంది, అదే మొత్తాన్ని ఈ ఏడాది ఒక విద్యార్థికి ఇస్తే ఈ ఏడాదే ఒకళ్లు ఫీజు కడతారు. చాలా ఫౌండేషన్లు పేరు పెట్టిన నిధికి కనీస మొత్తం ఇంత అని పెడతాయి, ముందే అడగండి.

ఫలానా పనికే అని రాసేటప్పుడు మరీ ఇరుకుగా రాయకండి. ఫలానా జబ్బు మీద, ఫలానా కాలేజీలో, ఫలానా ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థికే అని రాస్తే ఒక ఏడాది అలాంటివాళ్లు దొరకరు, ఆ డబ్బు కదలదు. "అలాంటివారు లేని ఏడాది దీనికి దగ్గరగా ఉన్న పనికి వాడచ్చు" అని ఒక వాక్యం చేర్చండి చాలు, ఆ ఒక్క వాక్యం వాళ్ల చేతులు కట్టేయకుండా చేస్తుంది. ఇంకో సంగతి, ఫలానా పేషెంటుకే ఇవ్వండి, మా తమ్ముడి కొడుకుకే స్కాలర్‌షిప్ ఇవ్వండి అంటే కుదరదు, ఎవరికివ్వాలో నిర్ణయం ఫౌండేషన్‌దే అయ్యుండాలి, లేకపోతే అది విరాళమే కాదు. తెలిసినవాళ్లకి సాయం చేయాలనుకుంటే నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి.

జ్ఞాపకార్థం ఇచ్చేవాళ్లకి

ఇలాంటి ఫౌండేషన్లకి వచ్చే విరాళాల్లో జ్ఞాపకార్థం ఇచ్చేవి చాలా ఉంటాయి. పోయినవాళ్ల పేరు మీదో, ప్రాణం పోసిన డాక్టరు గౌరవార్థమో ఇస్తారు. ఫారంలో దీనికి విడిగా గడి ఉంటుంది, పేరు స్పెల్లింగ్ సరిగ్గా రాయండి, ఎందుకంటే కార్డు మీద అదే అచ్చవుతుంది. ఆ కుటుంబానికి ఉత్తరం వెళ్లాలంటే ఎవరికి పంపాలో వాళ్ల పూర్తి పేరు, అడ్రస్ మీరే ఇవ్వాలి, ఫౌండేషన్‌కి తెలిసే మార్గం లేదు. ఎంతిచ్చారో మామూలుగా ఆ ఉత్తరంలో రాయరు, మీ పేరే ఉంటుంది, పేరు కూడా వద్దనుకుంటే పేరు చెప్పొద్దు అనే టిక్ పెట్టండి.

మా నాన్నగారు పోయినప్పుడు ఆయన పేరు మీద మేం అన్నదమ్ములం కలిసి నర్సుల ట్రైనింగ్‌కి అని కొంత పంపాం, ఆన్‌లైన్‌లోనే. ఏ పనికో రాసింది చివర్లో ఉన్న కామెంట్స్ బాక్సులో. ఆ బాక్సులో రాసింది వాళ్ల లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లదట, మెయిల్లో మాత్రమే కనపడుతుందట, ఆ మెయిల్ ఎవరూ చూడలేదు. నాలుగు నెలల తర్వాత జనరల్ ఫండ్‌కి థాంక్స్ అని ఉత్తరం వస్తే మా అన్నయ్య దాన్ని చదివి ఏం మాట్లాడకుండా టేబుల్ మీద పెట్టేశాడు. అడిగితే మార్చారు, మంచిగానే మార్చారు, కానీ ఆ నాలుగు నెలలు బాధే. కాబట్టి ఏ పనికి అనేది డ్రాప్‌డౌన్లో ఉంటే అక్కడే ఎంచుకోండి, లేకపోతే కట్టేముందే మెయిల్ చేసి అడగండి.

డబ్బు పంపే దారులు

చిన్న మొత్తాలకి కార్డు చాలు, కార్డు కంపెనీ కొంత శాతం పట్టుకుంటుంది, ఆ ఖర్చు మీరే భరించడానికి ఒక టిక్ ఉంటుంది, అది మీ ఇష్టం. అయితే కొన్ని డొనేషన్ సైట్లు తమకోసం టిప్ అని ముందే కలిపేస్తాయి, అది ఫౌండేషన్‌కి వెళ్లదు, సున్నా చేసుకోవచ్చు. నెలనెలా కొంచెం ఇచ్చే పద్ధతి ఫౌండేషన్లకి చాలా ఇష్టం, వచ్చే ఏడాది ఎంతమందికి స్కాలర్‌షిప్ ఇవ్వగలమో ముందే చెప్పగలుగుతారు.

చెక్కు అయితే ఫౌండేషన్ పూర్తి చట్టబద్ధమైన పేరు, మెమో లైనులో పని పేరు, దానితోపాటు ఇలా ఒక చిన్న ఉత్తరం:

"ఈ చెక్కు ఫలానా ఫౌండేషన్‌కి విరాళం. మా అమ్మగారి జ్ఞాపకార్థం ఫ్రీ క్లినిక్ గ్రాంట్ల నిధికి వాడగలరు. అది వీలుకాని ఏడాది పేద రోగులకి ఉపయోగపడే ఏ పనికైనా వాడచ్చు. రసీదు పంపాల్సిన పేరు, అడ్రస్ కింద ఉన్నాయి. నా పేరు దాతల లిస్టులో వేయచ్చు."

ఇంతే, ఐదు వాక్యాలు. పోస్టు విప్పేవాళ్ల దగ్గర ఇలాంటి ఉత్తరం పడితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకొన్ని దారులున్నాయి. ఏడాది పైన దాచుకున్న షేర్లు బాగా పెరిగి ఉంటే అమ్మి డబ్బివ్వకండి, షేర్లనే బదిలీ చేయండి, అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉండదు, ఆ రోజు ధరకి విరాళం లెక్కకడతారు. కాకపోతే బ్రోకర్ నుంచి షేర్లు వచ్చినప్పుడు చాలాసార్లు పంపినవాళ్ల పేరు కనపడదు, ముందే ఫౌండేషన్‌కి మెయిల్ పెట్టండి, ఏ షేరు, ఎన్ని, ఏ రోజు అని. 70 ఏళ్ల ఆరు నెలలు దాటినవాళ్లు ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ పొదుపు అకౌంట్లోంచి నేరుగా పంపచ్చు, డబ్బు మీ చేతిలోకి రాకుండా అక్కడి నుంచి అక్కడికే వెళ్లాలి. మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో హెచ్ఆర్‌ని అడగండి, మీరు వంద ఇస్తే వాళ్లూ వంద ఇస్తారు, ఫారం నింపకపోవడం వల్ల పోయే డబ్బు ఇది. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లైతే గిఫ్ట్ ఎయిడ్ డిక్లరేషన్ తప్పకుండా టిక్ పెట్టండి, మీరిచ్చిన ప్రతి పౌండుకి ఛారిటీ ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం దగ్గర తీసుకుంటుంది, మీకు అదనంగా ఒక్క పైసా ఖర్చులేదు.

రసీదు వచ్చిందా లేదా

అమెరికాలో 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇస్తే ఫౌండేషన్ రాతపూర్వకంగా ఇచ్చిన రసీదు ఉండాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు. ఆ రసీదులో మీకు బదులుగా వస్తువు, సేవ ఏమీ ఇవ్వలేదు అనే వాక్యం ఉందో లేదో చూడండి. రిటర్న్ ఫైల్ చేసేముందే చేతిలో ఉండాలి, తర్వాత తెచ్చుకుంటే కుదరదు. విరాళాల విందుకి టికెట్ 200కి కొని భోజనం విలువ 80 అయితే మీ విరాళం 120 మాత్రమే, లక్కీడ్రా టికెట్లు అసలు విరాళం కావు. 2026 నుంచి రిటర్న్‌లో ఖర్చులు విడివిడిగా చూపించనివాళ్లు (స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు) కూడా డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాల్లో 1,000 డాలర్ల దాకా, కలిసి ఫైల్ చేసే భార్యాభర్తలైతే 2,000 దాకా పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, కాబట్టి చిన్న రసీదులు కూడా పారేయకండి. ఇండియాలో 80జీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే అది రాదు, చెక్కో ఆన్‌లైనో వాడండి, పాన్ నంబర్ సరిగ్గా ఇవ్వండి.

రసీదు మూడు వారాల్లో రాకపోతే అడగండి, అడిగితే ఏమనుకుంటారో అనుకోకండి. చాలాసార్లు అడ్రస్‌లో ఒక అంకె తప్పడం వల్ల తిరిగొచ్చేస్తుంది, మీరు అడిగితేనే వాళ్లకి తెలుస్తుంది.

వీలునామాలో రాయాలనుకునేవాళ్లు ఫౌండేషన్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ రెండూ రాయించండి, సొసైటీ పేరు రాస్తే డబ్బు అటు వెళ్లిపోతుంది. రాయించాక ఫౌండేషన్‌కి ఒక లైను మెయిల్ పెట్టండి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి.

ఇంక చివరిది, ఇచ్చిన ఏడాదికి ఒక మెయిల్ రాయండి. "పోయినేడు ఫలానా నిధికి ఇచ్చాను, దాంతో ఏం జరిగింది" అంతే. అలాంటి మెయిల్ వచ్చిన రోజు మేం బీరువాలోంచి ఫైలు తీసి, స్కాలర్‌షిప్ అందుకున్న అమ్మాయి రాసిన ఉత్తరం కాపీ తీసి, పేరు కనపడకుండా చేసి పంపేవాళ్లం, ఆ ఉత్తరాలు అడిగినవాళ్లకే వెళ్లేవి, మిగతావి ఆ ఫైల్లోనే ఉండిపోయేవి.